ఈ సామెతలో తప్పు ఎవరిది?

మన సాయంకాలపు తెలుగు తరగతిలో వారానికొక సామెతను నల్లబల్లపై వ్రాసి, దాని అర్థాన్ని పిల్లలకు వివరించడం నా అలవాటు. కొంతకాలం క్రితం ఒకనాడు 'చెవిటివాని ముందు శంఖమూదినట్లు' అనే సామెతను వ్రాశాను. ఫలితం లేని శ్రమ అని అర్థం చెప్పి, ఉదాహరణగా ఒక వాక్యం కూడా ఇచ్చాను. అప్పుడు గాని నాకు గుర్తు రాలేదు. ముందు వరుసలో, అమ్మమ్మ పక్కన, పదహారేళ్ళ అమ్మాయి ఒకతె కూర్చొని ఉన్నది. ఆమె పుట్టుకతో బధిర. చెవితో వినకపోయినా, తెలుగు అక్షరాలను మా తరగతిలో అందరికన్నా ముత్యాలవలె వ్రాస్తుంది. ఆమె ఆ సామెతను శ్రద్ధగా తన పుస్తకంలోకి ఎక్కించుకొని, దాని క్రింద ఒక వాక్యం వ్రాసి, పుస్తకాన్ని నా చేతికి ఇచ్చింది.

"మాస్టారూ, ఈ సామెతలో తప్పు ఎవరిది?"

ఆనాడు నేను జవాబు చెప్పలేకపోయాను. నేను కూడా పెద్ద వయసులో, ఇటువంటి సాయంకాలపు తరగతిలోనే అక్షరాలు దిద్దుకొన్నవాడిని. సామెతలను నేర్చుకొన్నాను గాని, వాటిని ప్రశ్నించడం నేర్చుకోలేదు. ఆ అమ్మాయికి ఇవ్వవలసిన జవాబును వెదుకుతూ మన దేశ చరిత్రను మళ్ళీ చదివాను. ఆ చదువు నుండి పుట్టినదే ఈ వ్యాసం.

దేహాన్ని తూచిన లెక్కలు

1860 నవంబరు 16వ తేదీన 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుండి డర్బన్ రేవుకు చేరింది. అది మొదలు 1911 వరకు నేటాల్ చెరకు తోటలకు, గనులకు, రైలుదారి పనులకు ఒప్పందపు కూలీలుగా వచ్చినవారు 1,52,184 మంది. వారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది మద్రాసులో ఓడ ఎక్కినవారే. విశాఖపట్నం, గంజాం, ఉత్తర ఆర్కాటు వంటి జిల్లాల నుండి వచ్చిన మన తెలుగువారు ఆ లెక్కలో ఉన్నారు.

ఓడ పట్టికలను చూసినవారికి ఒక విషయం తెలుస్తుంది. ప్రతి మనిషికీ ఒక సంఖ్య ఉండేది. పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, గ్రామం వ్రాసిన తరువాత శరీరంపై ఉన్న గుర్తులు కూడా వ్రాసేవారు. ఎడమ కాలిపై మచ్చ, నుదుట గాయపు గుర్తు, ఇటువంటివి. ఓడ ఎక్కకముందే వైద్యుడు పరీక్షించి, పొలం పనికి తగిన దేహమా కాదా అని నిర్ణయించేవాడు. తగనివారికి ఓడలో చోటు లేదు. ఇక్కడికి వచ్చిన తరువాత జబ్బుపడి, గాయపడి పని చేయలేనివారైన వారిని పనికిరానివారి జాబితాలో చేర్చి తిరుగు ఓడలో పంపించిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఐదేళ్ళ ఒప్పందంలో మొదటి సంవత్సరం జీతం నెలకు పది షిల్లింగులు. ఆ జీతం దేహబలానికి గాని మనిషికి కాదు.

మా ముత్తాతగారి కుడిచేయి చెరకు గానుగలో నలిగిందని మా ఇంట చెప్పుకొంటారు. ఆ తరువాత ముత్తవ్వ ఒక్కతే తోటపని చేసి సంసారం ఈదిందట. ఆమె కష్టాన్ని మా ఇంట ఎన్నోమార్లు కథగా విన్నాను. ఒంటిచేత్తో ఆయన ఏమి చేసేవారో, ఏమి అనుకొనేవారో మాత్రం ఎవ్వరూ చెప్పలేదు. పని చేయని చేయికి మా ఇంటి కథలో కూడా చోటు దొరకలేదు. ఇది మా ఒక్క ఇంటి మాటే అని నేను అనుకోను. దేహాన్ని పనిలోనే తూచిన వ్యవస్థలో పుట్టిన సమాజం మనది. ఆ తూకపు రాళ్ళు మన ఇళ్ళలో కూడా మిగిలిపోయినాయి.

చేతులు కట్టుకోమన్న బడి

బధిర పిల్లల చదువుకు మరొక తూకం ఉండేది. ఆఫ్రికా దక్షిణ కొసన ఐర్లండు నుండి వచ్చిన డొమినికన్ సన్యాసినులు 1863లో కేప్‌టౌన్ నగరంలో బధిర పిల్లల కొరకు బడి తెరిచారు. ఆ బడిలో సంజ్ఞలతో బోధన జరిగేది. కాని 1880లో ఇటలీ దేశపు మిలాన్ నగరంలో బధిర విద్యను గూర్చి జరిగిన అంతర్జాతీయ సభ, సంజ్ఞలకంటే నోటిమాట శ్రేష్ఠమని తీర్మానించింది. ఆ సభకు వచ్చిన ప్రతినిధులలో దాదాపు అందరూ వినగలిగినవారే. తీర్మానం ఎవరి జీవితాలను మార్చబోతున్నదో, వారి మాట ఆ సభలో వినపడలేదు. దాని ఫలితంగా ఎన్నో దేశాలలో పిల్లలు చేతులతో మాట్లాడితే దండించడం, పెదవుల కదలికను చూసి మాటను గుర్తుపట్టమని బలవంతపెట్టడం ఆచారమైనది.

మన దేశంలో దీనికి వర్ణవివక్ష కూడా తోడైనది. బధిర పిల్లలను సైతం తెల్లవారు, ఆఫ్రికనులు, భారతీయులు, మిశ్రమ వర్ణంవారు అని విడదీసి వేర్వేరు బడులలో ఉంచారు. అయినా సంజ్ఞాభాష చావలేదు. బడి గదిలో ఆపిన చేతులు రాత్రిపూట వసతిగృహాలలో కదిలేవి. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు నేర్పేవారు. ఇది నాకు క్రొత్త కథగా అనిపించలేదు. మన తెలుగు కూడా తోట బ్యారకులలో, వంటింటిలో, భజన మందిరంలో అలాగే నిలిచినది కదా!

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. 1980లలో నేను ఒక పాఠశాలలో లెక్కలు బోధించేవాడిని. నా తరగతిలో సరిగా వినపడని బాలుడు ఒకడు ఉండేవాడు. నేను చెప్పినది అందక, పక్కవాడిని చేతి సైగలతో అడిగేవాడు. నాకది అల్లరిగా తోచేది. "చేతులు కట్టుకొని కూర్చో" అని అనేకసార్లు గద్దించాను. అతడు కట్టుకొని కూర్చొన్నాడు. ఆ సంవత్సరం చివర బడి మానివేశాడు. అతడు నన్ను ఏమీ అడగలేదని చాలాకాలం అనుకొన్నాను. అడగడానికి అతని వద్ద ఉన్న భాషను నేనే ఆపివేశానని గ్రహించడానికి నాకు ముప్పై సంవత్సరాలు పట్టింది.

జాలి వద్దు, చోటు కావాలి

నేను ఆ విధంగా చేతులు కట్టిస్తున్న కాలంలోనే ఈ దేశంలో వికలాంగులు తమంతట తాము సంఘటితమవుతున్నారు. పోలీసు తూటా వల్ల నడవలేని స్థితికి వచ్చిన ఫ్రైడే మవుసో 1981లో సొవెటోలో తనవంటి వారితో ఒక స్వయం సహాయ సంఘాన్ని స్థాపించాడు. అక్కడివారు దానం కొరకు చేయి చాచలేదు. తామే ఒక కర్మాగారాన్ని నడిపి జీతం సంపాదించారు. 1984లో 'డిసేబుల్డ్ పీపుల్ సౌత్ ఆఫ్రికా' అనే జాతీయ సంస్థ ఏర్పడింది. ఆ సంస్థను నడిపినవారు వికలాంగులే.

'మా గురించి చేసేది ఏదీ మేము లేకుండా చేయవద్దు' అనే నినాదం నేడు ప్రపంచమంతటా వినిపిస్తున్నది. వికలాంగుల హక్కులపై గ్రంథం రచించిన అమెరికా దేశీయుడు జేమ్స్ చార్ల్టన్, ఆ మాటను తాను మొదట 1993లో దక్షిణాఫ్రికాలో విన్నానని వ్రాశాడు. అతనికి ఆ మాట చెప్పినవారు ఇద్దరు అంధులు. ఒకరు విలియం రోలండ్, మరొకరు అప్పటికి యువ న్యాయవాది అయిన మైకేల్ మసుతా. ఆ యువకుడే తరువాతి కాలంలో ఈ దేశానికి న్యాయశాఖ మంత్రి అయినాడు.

వారి పట్టుదల ఫలించింది. 1996 నాటి మన రాజ్యాంగంలో తొమ్మిదవ విభాగం, వర్ణం, లింగం, మతం వంటి వాటితోపాటు వైకల్యం కారణంగా కూడా ఎవరిపట్లా వివక్ష చూపరాదని శాసించింది.

ఒకే నిబంధనలో ఇరుగుపొరుగు

అదే రాజ్యాంగంలోని ఆరవ విభాగం భాషలకు సంబంధించినది. ప్రతి తెలుగు కుటుంబమూ దానిని ఒకసారి చదవాలి. 1996 నాటి పాఠంలో మొదట పదకొండు అధికార భాషల పేర్లు ఉండేవి. ఐదవ నిబంధనలో దేశ భాషా మండలి చేయవలసిన పనులు చెప్పబడినాయి. ఖోయి, నామా, సాన్ భాషలతోపాటు సంజ్ఞాభాషను కూడా అభివృద్ధి చేయాలని, వాడుకకు తగిన పరిస్థితులు కల్పించాలని అందులో ఉన్నది. దాని వెంటనే, ఇక్కడి సమాజాలు వాడే ఇతర భాషలను ప్రోత్సహించి, వాటికి గౌరవం కలిగేటట్లు చూడాలని ఉన్నది. ఆ వరుసలో జర్మన్, గ్రీకు, గుజరాతీ, హిందీ, పోర్చుగీసు, తమిళం తరువాత మన తెలుగు పేరు, ఆ పైన ఉర్దూ పేరు కనిపిస్తాయి.

అనగా తెలుగు, సంజ్ఞాభాష ఒకే నిబంధనలో రెండు మూడు పంక్తుల ఎడంలో ఉన్న ఇరుగుపొరుగులు. మన పేరు అక్కడ ఉన్నదని మనం ఎంతో గర్వంగా చెప్పుకొంటాము. పక్కింటివారి పేరును మాత్రం నేను కూడా ఆ అమ్మాయి ప్రశ్న అడిగేవరకు గమనించలేదు.

అదే 1996లో వచ్చిన పాఠశాలల చట్టం మరొక అడుగు ముందుకు వేసింది. ప్రభుత్వ పాఠశాలలో చదువుకొనే నిమిత్తం సంజ్ఞాభాషకు అధికార భాష హోదా ఉంటుందని ప్రకటించింది. కాగితం మీద తలుపు తెరుచుకొన్నది. బడిలో మాత్రం అది మూసియే ఉన్నది.

వెస్ట్‌విల్ విద్యార్థి

ఆ తలుపును తట్టినవాడు మన డర్బన్ పక్కనే ఉన్న వెస్ట్‌విల్‌లో మెట్రిక్ చదువుతున్న బధిర విద్యార్థి కైల్ స్ప్రింగేట్. సంజ్ఞాభాషను మెట్రిక్ పరీక్షలో ఒక విషయంగా గుర్తించాలని కోరుతూ, 2009లో అతడు విద్యాశాఖపై పీటర్‌మారిట్జ్‌బర్గ్ కోర్టులో వ్యాజ్యం వేశాడు.

అతడు కోరినది ఏమిటో నిదానంగా ఆలోచించండి. పరీక్ష తీసివేయమనలేదు. తేలిక చేయమనలేదు. జాలితో మార్కులు వేయమనలేదు. అందరివలె నాకు కూడా నా భాషలో పరీక్ష పెట్టండి అన్నాడు. ఉపాధ్యాయునిగా నా జీవితంలో పరీక్ష వద్దన్న విద్యార్థులను వందల మందిని చూశాను. పరీక్ష కావాలని కోర్టుకు వెళ్ళినవాని సంగతి ఇదొక్కటే విన్నాను.

ఇందులో మనకు సంబంధించిన విశేషం ఇంకొకటి ఉన్నది. ఆనాటి మెట్రిక్ విషయాల జాబితాలో తెలుగు ఉన్నది. సంజ్ఞాభాష లేదు. 2011 జనాభా లెక్కలలో సంజ్ఞాభాషను తమ ఇంటి భాషగా చెప్పినవారు 2,34,655 మంది. అంతమంది మాట్లాడే భాషకు పరీక్ష లేదు. మన భాషకు పరీక్ష ఉన్నది గాని, ఆ పరీక్షకు పిల్లలను పంపే ఇళ్ళు ఎన్ని? ఈ ప్రశ్నను నేను ఎవరినీ నిందించడానికి వ్రాయలేదు. నా పిల్లలు కూడా ఆ పరీక్ష వ్రాయలేదు.

కోర్టు ఉత్తర్వు విద్యాశాఖను కదిలించింది. పాఠ్యప్రణాళిక వ్రాయడానికి, ఉపాధ్యాయులను తయారు చేయడానికి సంవత్సరాలు పట్టింది. 2015లో సంజ్ఞాభాష ఒక విషయంగా బడులలోకి ప్రవేశించింది. 2018లో మొట్టమొదటిసారి మెట్రిక్ విద్యార్థులు సంజ్ఞాభాషను ఇంటి భాషగా పరీక్ష వ్రాశారు. వ్రాశారు అనడం కూడా సరికాదేమో, ఆ భాషకు లిపి లేదు. విద్యార్థి తన జవాబును చేతులతో చెబుతాడు, దానిని కెమెరాలో పట్టి దిద్దుతారు. ఒకనాడు కట్టుకోమన్న చేతులతోనే పరీక్ష ఇచ్చారు. వ్యాజ్యం వేసిన విద్యార్థి అప్పటికి బడి దాటి తొమ్మిదేళ్ళు అయినది. అతడు తట్టిన తలుపులో నుండి అతని తరువాతి పిల్లలు లోపలికి నడిచారు.

పన్నెండవ భాష

ఆ తరువాతి మెట్టు రాజ్యాంగమే. బధిరుల జాతీయ సంఘం 'డెఫ్‌సా' ఎన్నో సంవత్సరాలు దీని కొరకు పోరాడింది. 1999లో పార్లమెంటు సభ్యురాలైన విల్మా న్యూహౌట్-డ్రూషెన్ బధిర మహిళ. ఆమె చట్టసభలో సంజ్ఞాభాషలోనే ప్రసంగించి, ఆ భాష ఎంతటి గంభీరమైన విషయాన్నైనా మోయగలదని అందరికీ చూపించారు. 2023 మే నెలలో జాతీయ సభ రాజ్యాంగ సవరణను ఆమోదించింది. జూలై 19వ తేదీన అధ్యక్షుడు రామఫోసా దానిపై సంతకం చేశారు. దక్షిణాఫ్రికా సంజ్ఞాభాష ఈ దేశానికి పన్నెండవ అధికార భాష అయినది.

ఐదవ నిబంధనలో మన పక్కన ఉన్న పొరుగింటివారు పై వరుసకు వెళ్ళారు. అసూయ పడవలసిన పని లేదు. వారు వెళ్ళిన దారిని చూసి నేర్చుకోవలసినది ఉన్నది. రాజ్యాంగంలో పేరు ఉన్నంత మాత్రాన ఏ భాషా బ్రతకదు, ఏ హక్కూ నడవదు. దాని అవసరం ఉన్న పిల్లవాడు ఒకడు లేచి, 'ఇది నాకు కావాలి' అని అడిగినప్పుడే అది కదులుతుంది. అడిగినవానికి పెద్దలు అడ్డు రాకుండా ఉండాలి. వీలైతే వెంట నడవాలి.

మన మందిరం మాట

ఇక మన ఇంటి సంగతికి వస్తాను. గత ఉగాదికి ముందు ఆ అమ్మాయి, చక్రాల కుర్చీలో తిరిగే ఒక కళాశాల విద్యార్థి, చూపు మందగించిన మరొక యువకుడు కలిసి మన కార్యవర్గానికి ఒక విన్నపం ఇచ్చారు. ఒక పుటలో మూడు కోరికలు. పంచాంగ శ్రవణం నాడు సంజ్ఞాభాషా అనువాదకురాలిని పిలిపించి, పంతులుగారి పక్కనే వెలుతురులో నిలబెట్టాలి. స్తోత్రాల పుస్తకాన్ని పెద్ద అక్షరాలలో కూడా ముద్రించాలి. సభామండపపు మెట్ల పక్కన చక్రాల కుర్చీ ఎక్కడానికి వాలుదారి కట్టాలి.

ఆ సమావేశంలో నేను కూడా ఉన్నాను. జరిగినది ఉన్నది ఉన్నట్లుగా చెబుతాను. మొదటి మాట, "ముగ్గురి కోసం ఇంత ఖర్చా?" అన్నది. రెండవ మాట, "మెట్ల దగ్గర మన కుర్రాళ్ళే ఎత్తి తీసుకువెళ్తారు కదా, ఏమి లోటు?" అన్నది. రెండూ దుర్మార్గుల మాటలు కావు. ప్రేమ గలవారే అన్నారు. అప్పుడు కుర్చీలో ఉన్న విద్యార్థి చెప్పిన జవాబు నా చెవిలో ఇంకా ఉన్నది. "తాతగారూ, మీ అందరికీ గుడికి రావాలనిపిస్తే వస్తారు. నాకు రావాలనిపిస్తే నలుగురు దొరకాలి. దేవుని దగ్గరికి నా అంతట నేను రావాలని ఉన్నది."

ఎవరూ మాట్లాడలేదు. మనం ముగ్గురినే లెక్కపెట్టాము. మెట్లు ఎక్కలేక ఇంటి దగ్గరే ఉండిపోయిన మన అవ్వలను, తాతలను, వినికిడి తగ్గి భజనకు రావడం మానివేసిన పెద్దలను ఎవ్వరూ లెక్కపెట్టలేదు. నాకు కూడా ఇప్పుడు ఎడమ చెవి సరిగా వినిపించదు. ఆ పిల్లలు అడిగినది తమ కొరకు మాత్రమే కాదు, రేపటి మన అందరి కొరకు.

ఉగాదినాడు అనువాదకురాలు వచ్చినది. పంతులుగారు ఆదాయ వ్యయాలు చదువుతుంటే ఆమె చేతులలో రాశిఫలాలు కదిలాయి. తన రాశికి వ్యయం ఎక్కువ అని తెలిసి మా అమ్మాయి నవ్వినది. ఇన్నేళ్ళుగా పంచాంగ శ్రవణానికి వచ్చి, ఆమె మొదటిసారి తన ఫలం తాను తెలుసుకొన్నది. పెద్ద అక్షరాల పుస్తకం అచ్చయినది. దానిని ఎక్కువగా తీసుకొన్నవారు అరవై దాటినవారే. వాలుదారి మాత్రం ఇంకా కట్టలేదు. వచ్చే సంవత్సరం చూద్దామన్నారు. ఈ పత్రిక కార్యవర్గం వారి చేతికి కూడా వెళుతుంది కనుక, ఆ మాటను ఇక్కడ వ్రాసి ఉంచుతున్నాను.

తల్లిదండ్రులకు నా మనవి ఒకటే. మీ ఇంట వినలేని, చూడలేని, నడవలేని బిడ్డ ఉంటే దాచవద్దు, మందిరానికి తీసుకురండి. ఆ బిడ్డకు ఏమి కావాలో మీరు చెప్పకముందు ఆ బిడ్డనే చెప్పనివ్వండి. పెద్దలకు కూడా ఒక మనవి. వారిని వేదికపై నిలబెట్టి చప్పట్లు కొట్టడం కంటే, కార్యవర్గంలో ఒక కుర్చీ ఇవ్వడం మేలు.

అమ్మాయీ, నీ ప్రశ్నకు ఆలస్యంగానైనా జవాబు ఇస్తున్నాను. తప్పు శంఖం ఊదినవానిది. ఎదుటివారికి అందే మార్గం వెదకకుండా ఊది, అందలేదని వారినే నిందించాడు గనుక. ఇప్పటికీ నేను తరగతిలో ఆ సామెతను నల్లబల్లపై వ్రాస్తున్నాను. దాని క్రింద నీ ప్రశ్నను కూడా వ్రాసి, పిల్లలను జవాబు చెప్పమంటున్నాను.